మ్యాచింగ్ ఇంజిన్: వేగం సరే, వరుస మాటేమిటి?

2012 మే 18 ఉదయం 11:05కి ఫేస్‌బుక్ షేరు నాస్‌డాక్‌లో మొదటిసారి ట్రేడింగ్‌కి రావాలి. ఆ టైమ్ దాటిపోయింది, షేరు రాలేదు. సర్వర్లు పడిపోలేదు, నెట్‌వర్క్ తెగలేదు, హ్యాకర్లెవరూ చొరబడలేదు. ప్రారంభ ధర తేల్చాల్సిన ప్రోగ్రామ్ తన పని తాను చేసుకుంటూనే ఉంది, కాకపోతే ఆ పని ముగియడం లేదు. ధర లెక్కకట్టడానికి పట్టే కొద్ది మిల్లీసెకన్లలోనే ఎవరో ఒకరు తమ ఆర్డర్‌ని రద్దు చేసుకుంటున్నారు. రద్దు వచ్చింది కాబట్టి లెక్క మళ్లీ మొదటికొస్తోంది. రెండోసారి లెక్క పూర్తయ్యేలోపు ఇంకో రద్దు. చివరికి 11:30కి గానీ షేరు తెరుచుకోలేదు.

కొనేవారి ఆర్డర్లను అమ్మేవారి ఆర్డర్లతో జతకలిపే ప్రోగ్రామ్‌ని మ్యాచింగ్ ఇంజిన్ అంటారు. షేర్లయినా, ఫ్యూచర్లయినా, కరెన్సీలయినా, క్రిప్టో అయినా ఎలక్ట్రానిక్ మార్కెట్‌కి గుండెకాయ ఇదే. దీని గురించి బయట వినిపించేదంతా వేగం ముచ్చటే: ఎన్ని మైక్రోసెకన్లు, సెకనుకి ఎన్ని లక్షల ఆర్డర్లు అని. పేరుమోసిన మార్కెట్లు చిక్కుల్లో పడ్డ సందర్భాలను దగ్గరగా చూస్తే కథ వేరేగా ఉంటుంది. ఏది ముందొచ్చింది, ఏది తరవాతొచ్చింది అన్న దగ్గరా, ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పని మారే దగ్గరా, కొత్త కోడ్ పెట్టే దగ్గరా దెబ్బతిన్నవే వాటిలో ఎక్కువ కనిపిస్తాయి.

క్లుప్తంగా

మ్యాచింగ్ నియమాలు చిన్నవే, ఒక పేజీలో రాసేయవచ్చు. కష్టమంతా వచ్చే ప్రతి ఆర్డర్‌కీ తిరుగులేని వరుస నంబర్ ఇవ్వడంలో, ఆ వరుసను ఎన్నిసార్లు నడిపినా అక్షరం పొల్లు పోకుండా అదే ఫలితం తెప్పించడంలో ఉంది. ఈ ఒక్క లక్షణం ఉంటే బ్యాకప్, విచారణ, టెస్టింగ్ అన్నీ తేలికవుతాయి. అది లేని ఇంజిన్ ఎంత వేగంగా నడిచినా సరిగ్గా నడుస్తోందని తేల్చిచెప్పే దారి లేదు.

ఆర్డర్ బుక్ లోపల

ఇంజిన్ దగ్గర ప్రతి షేరుకీ ఒక ఆర్డర్ బుక్ ఉంటుంది. ఒకవైపు కొనేవారి ఆర్డర్లు, ఎక్కువ ధర ఇస్తామన్నవారు పైన. రెండోవైపు అమ్మేవారి ఆర్డర్లు, తక్కువకి ఇస్తామన్నవారు పైన. ఒకే ధర దగ్గర ఎందరున్నా వచ్చిన వరుసలో నిలబడతారు.

ఒక చిన్న బుక్ తీసుకుందాం. అమ్మకం వైపు ముగ్గురున్నారు. ఎ అనే వ్యక్తి 100.05 ధరకి 300 షేర్లు పెట్టాడు. ఆ తరవాత బి అదే ధరకి 200 పెట్టాడు. సి 100.10కి 500 పెట్టాడు. కొనుగోలు వైపు డి ఒక్కడే, 100.00కి 400. ప్రస్తుతానికి ఎవరి ధరా ఎవరికీ కలవలేదు కాబట్టి బుక్ నిశ్చలంగా ఉంది.

ఇప్పుడు ఇ వచ్చి "100.10 వరకూ ఇస్తాను, 600 కావాలి" అన్నాడు. ఇంజిన్ ముందు ఎ దగ్గర 300, తరవాత బి దగ్గర 200 తీసుకుంటుంది. రెండూ 100.05కే. మిగిలిన 100 షేర్లు సి దగ్గర 100.10కి దొరుకుతాయి. 100.10 ఇస్తానన్నాడు కదా అని మొత్తానికీ అదే ధర వెయ్యరు. ముందే బుక్‌లో నిలబడి ఉన్నవారి ధరే చెల్లుతుంది. ఇ 600 బదులు 1200 అడిగి ఉంటే 1000 దొరికి, మిగతా 200 కొనుగోలు వైపు 100.10 దగ్గర కొత్తగా నిలబడేవి. డి పక్కకి జరిగి, బుక్‌లో పై కొనుగోలు ధర ఒక్కసారిగా 100.10 అయ్యేది.

ఇంతవరకూ కాగితం మీద కూడా చెయ్యొచ్చు. చిక్కు ఇక్కడ మొదలవుతుంది: ఇ ఆర్డర్ దారిలో ఉండగానే బి తన 200 షేర్లను రద్దు చేస్తూ మెసేజ్ పంపాడనుకుందాం. రద్దు ముందు చేరితే ఇ కి ఎ దగ్గర 300, సి దగ్గర 300 వస్తాయి. ఇ ఆర్డర్ ముందు చేరితే బి షేర్లు అమ్ముడైపోతాయి, అతని రద్దుకి "ఆలస్యమైంది" అని జవాబు వెళ్తుంది. ఈ రెండు ఫలితాల్లో ఏదీ తప్పు కాదు. అయితే రెండింట్లో ఒక్కటే జరగాలి, ఆ ఒక్కటే ఎ, బి, సి, ఇ లకూ, ధరలు చూపించే స్క్రీన్లకూ, లెక్కలు తేల్చే క్లియరింగ్ సంస్థకూ తెలియాలి. బి కి "రద్దయింది" అని చెప్పి, ఇ కి "బి దగ్గర కొన్నావు" అని చెప్పిన ఇంజిన్ మార్కెట్‌లో లేని 200 షేర్లను పుట్టించినట్టే.

క్యూలో ముందెవరు

పైన చెప్పింది ధర తరవాత సమయం అనే పద్ధతి. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లలో ఎక్కువగా నడిచేది ఇదే. దీనిలో ముందొచ్చినవాడికే లాభం కాబట్టి ట్రేడింగ్ కంపెనీలు వేగం కోసం పోటీపడతాయి.

కొన్ని ఫ్యూచర్స్ మార్కెట్లలో వాటాల పద్ధతి కూడా ఉంది. ఒకే ధర దగ్గర ఉన్నవారందరికీ వారి పరిమాణాన్ని బట్టి పంచుతారు. 500, 300, 200 షేర్లతో ముగ్గురున్నప్పుడు 101 షేర్ల కొనుగోలు వస్తే వాటాలు 50.5, 30.3, 20.2 అవుతాయి. అర షేరు అమ్మలేం కాబట్టి 50, 30, 20 ఇస్తే ఒకటి మిగిలిపోతుంది. ఆ ఒక్కటి ఎవరికి? ముందొచ్చినవాడికా, పెద్ద ఆర్డర్ ఉన్నవాడికా? నియమావళిలో ఈ వాక్యం రాయడం మర్చిపోతే, ప్రోగ్రామర్ తనకి తోచింది రాస్తాడు, తెలియకుండానే అది ఎక్స్ఛేంజ్ నియమం అయిపోతుంది. ఈ పద్ధతిలో వేగం పోటీ కాస్త తగ్గుతుంది గానీ, వాటా పెంచుకోవడానికి కావలసినదానికంటే పెద్ద ఆర్డర్లు పెట్టే అలవాటు పెరుగుతుంది. ఏ పద్ధతికైనా దాని తాలూకు వంకర ప్రవర్తన దానికి ఉంటుంది.

ఆర్డర్ మార్చుకునేటప్పుడు క్యూలో స్థానం ఏమవుతుందన్నది ఇంకో చిక్కు. సాధారణంగా పరిమాణం తగ్గిస్తే స్థానం అలాగే ఉంటుంది. పెంచినా, ధర మార్చినా వెనక్కి వెళ్లాలి. ఐస్‌బర్గ్ ఆర్డర్ మరో తరహా. మొత్తం 5000 ఉన్నా బయటికి 500 మాత్రమే చూపిస్తుంది. ఆ 500 అయిపోగానే ఇంకో 500 బయటికొస్తుంది, చాలా మార్కెట్లలో క్యూ చివర్న. వీటికి ధర ఒక హద్దుకి చేరాకే లేచే స్టాప్ ఆర్డర్లు, దొరికినంత తీసుకుని మిగతాది వదిలేసేవి, మొత్తం దొరికితేనే తీసుకునేవి, సొంత ఆర్డర్‌తో సొంత ఆర్డర్ కలవకుండా ఆపేవి చేరితే ఒక పేజీ నియమాలు కాస్తా చిన్న పుస్తకం అవుతాయి. బగ్‌లు దాక్కునేది ఏ ఒక్క ఆర్డర్ రకంలోనో కాదు, రెండు రకాలు ఎదురుపడ్డ చోట.

ఒకే గుమ్మం, ఒకే వరుస

ఇంజిన్‌కి బయట గేట్‌వేలు చాలా ఉంటాయి. ఒక్కో బ్రోకర్ కనెక్షన్ ఒక్కో గేట్‌వేకి వస్తుంది. అక్కడ లాగిన్, ఫార్మాట్, పరిమితుల తనిఖీలు జరుగుతాయి. ఆ తరవాత మాత్రం అందరూ ఒకే గుమ్మంలోంచి రావాల్సిందే. దాన్ని సీక్వెన్సర్ అంటారు. వచ్చిన ప్రతి మెసేజ్‌కీ అది ఒక నంబర్ వేస్తుంది: 1, 2, 3 అని. బి రద్దుకి 48,112వ నంబర్, ఇ ఆర్డర్‌కి 48,113వ నంబర్ పడితే ఇక వాదన లేదు.

దీని వెనక ఉన్న ఆలోచన సూటిగా ఉంటుంది. ఇంజిన్‌ని ఒక లెక్కల యంత్రంగా చూడాలి. లోపలికి వెళ్లేది నంబర్లు పడిన మెసేజ్‌ల వరుస, బయటికొచ్చేది ట్రేడ్‌ల వరుస. ఒకే వరుస ఇస్తే ఎప్పుడైనా, ఏ యంత్రంలోనైనా అదే జవాబు రావాలి. అందుకని ఇంజిన్ తనంతట తాను గడియారం చూడకూడదు. టైమ్ కూడా సీక్వెన్సర్ వేసి పంపే సమాచారంలో భాగం కావాలి. "సాయంత్రమైంది, మార్కెట్ మూసెయ్" అన్నది కూడా ఆర్డర్లలాగే నంబర్ పడిన మెసేజ్‌గా రావాలి.

ఒక షేరు బుక్‌ని నాలుగు థ్రెడ్‌లు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి సాగే పనుల దారాలు) కలిసి నడిపితే నాలుగింతలు వేగం వస్తుందని అనిపిస్తుంది. నిజానికి అవి ఒకదాని కోసం ఒకటి ఆగుతూ, తాళాలు వేసుకుంటూ, తీసుకుంటూ గడిపేస్తాయి. పైగా ఏ థ్రెడ్ ముందు పరిగెత్తిందన్నది ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఫలితమూ మారుతుంది. అందుకే చాలా ఇంజిన్లలో ఒక బుక్‌కి ఒకటే థ్రెడ్. లండన్‌కి చెందిన ఎల్‌మ్యాక్స్ సంస్థ తన వ్యాపార తర్కం మొత్తాన్ని ఒకే థ్రెడ్ మీద నడిపి సెకనుకి 60 లక్షల ఆర్డర్ల స్థాయి సాధించినట్టు ప్రకటించినప్పుడు చాలామంది ఇంజినీర్లకి అది వింతగా తోచింది. పని ఒకరే చేస్తే అడ్డొచ్చేవాళ్లు ఉండరు, అందులో రహస్యమేమీ లేదు. షేర్లు వేలల్లో ఉంటే వాటిని గుంపులుగా విడదీసి ఒక్కో గుంపుని ఒక్కో ఇంజిన్‌కి ఇస్తారు.

వరుస అన్నది సాఫ్ట్‌వేర్‌తో ఆగదు. ఫైబర్ కేబుల్‌లో కాంతి ఒక మీటరు వెళ్లడానికి దాదాపు 5 నానోసెకన్లు పడుతుంది. ఒకరి సర్వర్ ఎక్స్ఛేంజ్ పక్కనే, ఇంకొకరిది హాలు చివర ఉంటే ఆ తేడాతోనే వరుస మారిపోతుంది. అందుకని సర్వర్ ఎక్కడున్నా అందరికీ సమానమైన పొడవున్న కేబుల్ ఇచ్చే ఎక్స్ఛేంజ్‌లు ఉన్నాయి, మిగిలిన పొడవు చుట్టచుట్టి పెడతారు. అమెరికాలో ఐఈఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ ఇంకో అడుగు ముందుకేసి 61 కిలోమీటర్ల ఫైబర్ చుట్టని దారిలో పెట్టి, వచ్చే ఆర్డర్లన్నీ 350 మైక్రోసెకన్లు ఆలస్యమయ్యేలా చేసింది. క్షణక్షణం జతకలపడం మానేసి, సెకనులో చిన్న భాగానికి ఒకసారి చొప్పున వరుసగా వేలాలు నిర్వహిస్తే ఈ పరుగుపందెమే ఉండదని ఎరిక్ బుడిష్, పీటర్ క్రామ్‌టన్, జాన్ షిమ్ అనే ఆర్థికవేత్తలు 2015లో ప్రచురించిన పరిశోధనలో వాదించారు.

దాచుకునే తీరు

ఇంజిన్‌కి వచ్చే మెసేజ్‌లలో ట్రేడ్‌గా మారేవి కొద్ది, పెట్టడాలూ రద్దులే ఎక్కువ. ఒకరకంగా ఇది జతకలిపే యంత్రం కన్నా రద్దుచేసే యంత్రం. కాబట్టి ఒక్కో ధర దగ్గర క్యూని ముందుకీ వెనక్కీ లింకులున్న జాబితాగా పెట్టుకుని, ఆర్డర్ నంబర్ ఇవ్వగానే అది జాబితాలో ఎక్కడుందో చెప్పే పట్టిక ఇంకొకటి పక్కన ఉంచుకుంటారు. మధ్యలోంచి ఒకరు తప్పుకున్నా మిగతా క్యూని వెతకాల్సిన పని ఉండదు.

ధరల్ని దశాంశాలుగా దాచడం కొత్తవారు చేసే పొరపాటు. కంప్యూటర్‌లో మామూలు దశాంశ లెక్కల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. రెండు ధరలు సమానమా కాదా అన్నదాని మీదే మొత్తం ఆధారపడ్డ చోట ఆ చివరి 4 చాలు కొంప ముంచడానికి. 100.05ని 10005గా, పూర్ణాంకంగా దాస్తారు.

వేలం దగ్గర పడ్డ ముడి

రోజు మొదట్లో, కొత్త షేరు వచ్చినప్పుడు మాత్రం ఇంజిన్ వేరే పని చేస్తుంది. అప్పటిదాకా చేరిన ఆర్డర్లన్నింటినీ చూసి, ఏ ధర దగ్గర ఎక్కువ షేర్లు చేతులు మారతాయో ఆ ఒక్క ధర తేలుస్తుంది. లెక్కకి కొంత టైమ్ పడుతుంది. ఆ టైమ్‌లో వచ్చే మెసేజ్‌లను ఏం చెయ్యాలి?

నాస్‌డాక్ వ్యవస్థ లెక్క పూర్తయ్యాక ఒక తనిఖీ చేసేది: లెక్కలోకి తీసుకున్న ఆర్డర్లన్నీ ఇంకా ఉన్నాయా అని. ఏదైనా రద్దయి ఉంటే మళ్లీ లెక్క. మామూలు రోజుల్లో ఇది ఒకటి రెండు చుట్లలో సర్దుకునేది, జనానికి మేలు చేసే ఏర్పాటే. ఫేస్‌బుక్ రోజున ఆర్డర్లు విపరీతంగా ఉండడంతో లెక్క ఆలస్యమైంది, ఆలస్యమైనకొద్దీ రద్దుకి అవకాశం పెరిగింది, రద్దు వచ్చినకొద్దీ లెక్క మళ్లీ మొదలైంది. అంతకుముందు సభ్యులతో జరిపిన టెస్టుల్లో ఆర్డర్ల పరిమితి 40 వేలు. ఆ రోజు వేలంలో పాల్గొన్నవి 4.96 లక్షలు. ఇంజినీర్లు ఆ తనిఖీని తీసేసి, రెండో సిస్టమ్‌కి మార్చి వేలం పూర్తి చేశారు. అయితే వేలం 11:11 నాటి ఆర్డర్లతో జరిగిపోయింది. ఆ తరవాత 11:30 వరకూ వచ్చినవాటిలో 30 వేలకు పైగా ఆర్డర్లు రెండు గంటలకు పైగా ఎటూ తేలకుండా ఇరుక్కుపోయాయి. ఈ వ్యవహారానికి 2013లో అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి నాస్‌డాక్ కోటి డాలర్ల జరిమానా కట్టింది.

తప్పు కోడ్ వాక్యంలో లేదు, డిజైన్‌లో ఉంది. "ఈ నంబర్ దాకా వచ్చినవి వేలంలోకి, ఆ తరవాతవి వేలం అయ్యాక" అని ఒక గీత గీసి ఉంటే రద్దులు ఎన్ని వచ్చినా చుట్టు తిరిగే అవసరం ఉండేది కాదు. అదే ఏడాది మార్చి 23న బాట్స్ అనే ఎక్స్ఛేంజ్ తన సొంత షేర్లను తన సొంత ఇంజిన్ మీదే ప్రారంభించబోయి దెబ్బతింది. 16 డాలర్లకు అమ్మిన షేరు క్షణాల్లో సెంటు లోపుకి పడిపోయింది, ఇష్యూనే వెనక్కి తీసుకున్నారు. రెండు చోట్లా ఇబ్బంది వచ్చింది రోజంతా నడిచే భాగంలో కాదు, అరుదుగా వాడే ప్రారంభ వేలం భాగంలో.

యంత్రం ఆగితే

ఇంజిన్ ఉన్న సర్వర్ ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. అందుకని అదే మెసేజ్‌ల వరుసను రెండో యంత్రానికి కూడా పంపుతారు. అదీ అదే లెక్క చేసుకుంటూ, బయటికి మాత్రం ఏమీ పంపకుండా కూర్చుంటుంది. మొదటిది పోగానే ఇది అందుకుంటుంది. ఫలితం వరుస మీదే ఆధారపడితే రెండింటి బుక్‌లూ ఒకేలా ఉంటాయి, ఎవరికీ తేడా తెలియదు.

ఇక్కడ రెండు పాత తలనొప్పులున్నాయి. ఆర్డర్ అందిందని బ్రోకర్‌కి జవాబు పంపేముందు దాన్ని జర్నల్‌లో, అంటే వచ్చిన మెసేజ్‌లు పోకుండా రాసుకునే చిట్టాలో, రాయాలా, రెండో యంత్రానికి చేరిందని ఖాయం చేసుకోవాలా? చేసుకుంటే ప్రతి ఆర్డర్ కాస్త ఆలస్యం. చేసుకోకపోతే సర్వర్ పోయిన క్షణంలో "అందింది" అన్న ఆర్డర్ మాయమవుతుంది. రెండోది, మొదటి యంత్రం నిజంగా పోయిందా, లేక మధ్యలో నెట్‌వర్క్ మాత్రమే తెగిందా? తొందరపడి రెండోది రంగంలోకి దిగితే ఒకే మార్కెట్‌కి రెండు తలలు. రెండూ ట్రేడ్‌లు చేసేస్తాయి. ఎవరిది చెల్లుతుందో మూడో సాక్షి ఉంటేనే తేలుతుంది, అందుకే బేసి సంఖ్యలో యంత్రాలు పెట్టి ఎక్కువమంది ఒప్పుకున్నదే చెల్లేలా కడతారు.

2020 అక్టోబర్ 1న టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజ్ రోజంతా మూతపడింది. పూర్తిగా ఎలక్ట్రానిక్ ట్రేడింగ్‌కి మారిన 1999 తరవాత రోజంతా ఆగడం అదే మొదటిసారి. షేర్డ్ డిస్క్ పరికరంలో మెమరీ చెడిపోయింది. అలాంటప్పుడు రెండో పరికరానికి దానంతటదే మారాలి. ఒక సెట్టింగ్ కారణంగా మారలేదు. సాయంత్రంలోగా మళ్లీ మొదలుపెట్టడం సాంకేతికంగా కుదిరినా, అప్పటికే బ్రోకర్లు పంపిన ఆర్డర్లన్నీ చెరిపేయాల్సి వచ్చేది. ఎవరి ఆర్డర్ ఉంది, ఎవరిది పోయింది అన్న గందరగోళంతో మార్కెట్ తెరవడం కన్నా మూసి ఉంచడమే నయమని తేల్చారు. బ్యాకప్ ఉండడం వేరు, బ్యాకప్‌కి మారడాన్ని పరీక్షించి ఉంచడం వేరు.

టెస్ట్ చేసే పద్ధతులు

"ఇలాంటి ఆర్డర్ ఇస్తే ఇలాంటి ట్రేడ్ రావాలి" అని చేత్తో రాసే టెస్టులు ఎలాగూ ఉంటాయి. రాసినవాడి ఊహకి అందినంతవరకే అవి పట్టుకుంటాయి. బగ్ మాత్రం ఊహకి అందని చోట ఉంటుంది.

మొదటి మందు, రెండో ఇంజిన్ రాయడం. వేగం గొడవ లేకుండా, చదవగానే నియమం అర్థమయ్యేలా, ప్రతిసారీ జాబితా మొత్తం వెతుక్కునే నిదానపు ఇంజిన్. అసలు ఇంజిన్‌కీ దీనికీ ఒకే ఆర్డర్లు ఇచ్చి జవాబులు పోల్చాలి. తేడా వస్తే రెండింట్లో ఒకటి తప్పు. నియమావళిలోనే అస్పష్టత ఉందని బయటపడే సందర్భాలూ తక్కువేం కాదు.

పోల్చడానికి ఆర్డర్లను యాదృచ్ఛికంగా పుట్టిస్తారు. ఇక్కడో కిటుకు ఉంది. ధరలు 1 నుంచి 10,000 మధ్య ఎక్కడైనా రావచ్చని వదిలేస్తే లక్షల ఆర్డర్లు నడిచినా అసలు పరీక్ష జరగదు, ఎందుకంటే ఒకే ధర దగ్గర ఇద్దరు కలిసేదే అరుదు. అయిదే ధరలు, ముగ్గురే వ్యాపారులు, పదిలోపు పరిమాణాలు పెడితే ప్రతి మెసేజ్ ఇంకోదాన్ని గుద్దుకుంటుంది. ఇప్పటికే రద్దయినదాన్ని మళ్లీ రద్దు చెయ్యడం, సగం అమ్ముడైనదాన్ని మార్చడం, సొంత ఆర్డర్‌కి తానే ఎదురురావడం అన్నీ నిమిషంలో జరిగిపోతాయి. 40 వేల మెసేజ్‌ల తరవాత తేడా బయటపడితే, సాధనం వాటిలో ఒక్కొక్కటీ తీసేస్తూ అయిదారు మెసేజ్‌లకి కుదించి చేతిలో పెడుతుంది. ఏ సంఖ్యతో యాదృచ్ఛిక వరుస మొదలైందో రాసి ఉంచుకుంటే ఆ బగ్‌ని ఎప్పుడైనా మళ్లీ పుట్టించవచ్చు.

ప్రతి మెసేజ్ తరవాతా తనిఖీ చెయ్యాల్సిన నిజాలు కొన్నున్నాయి. మామూలు ట్రేడింగ్ వేళ అన్నింటికన్నా ఎక్కువ కొనుగోలు ధర కూడా అన్నింటికన్నా తక్కువ అమ్మకం ధర కన్నా ఎప్పుడూ తక్కువే ఉండాలి. కొన్న మొత్తం, అమ్మిన మొత్తం సమానం కావాలి. ఏ ఆర్డర్ తీసుకున్నా మొదటి పరిమాణం అమ్ముడైనది, రద్దయినది, మిగిలింది కలిపినంతే ఉండాలి. ఎవరి పరిమితి ధరా దాటకూడదు. క్యూలో వెనకున్నవాడికి ముందున్నవాడి కన్నా ముందు షేరు దక్కకూడదు, సొంత ఆర్డర్లు కలవకుండా ఆపే నియమం అడ్డొచ్చినప్పుడు తప్ప. ఈ అయిదే చాలా బగ్‌లను పట్టిస్తాయి.

నిన్నటి అసలు మెసేజ్‌ల లాగ్‌ని ఇవాళ్టి కోడ్ మీద నడపడం ఇంకో పరీక్ష. బయటికొచ్చే ప్రతి బైటూ నిన్నటిలాగే ఉండాలి. ఉండకపోతే ప్రతి తేడాకీ "ఫలానా నియమం మార్చాం కాబట్టి" అని కారణం చూపించగలగాలి. కారణం లేని తేడా దొరికిందంటే సాధారణ దొంగలు నలుగురే: కోడ్ ఎక్కడో గడియారం చూస్తోంది, పట్టికలో అంశాలు వచ్చే వరుస నడిపిన ప్రతిసారీ మారుతోంది, రెండు థ్రెడ్‌లు పోటీపడుతున్నాయి, విలువ వెయ్యని మెమరీ చదువుతోంది.

ఆపడం కూడా టెస్టే. జర్నల్ రాయకముందు చంపాలి, రాసి జవాబు పంపకముందు చంపాలి, జవాబు పంపి మార్కెట్ డేటా పంపకముందు చంపాలి. ప్రతిసారీ రెండో యంత్రం లేచాక పైన చెప్పిన నిజాలు నిలబడ్డాయో లేదో చూడాలి. ఒక్క ట్రేడ్ రెండుసార్లు బయటికి వెళ్లినా ఫెయిలే.

వేగం కొలతల్లో కనిపించని మోసం

సగటు వేగం పెద్దగా ఏమీ చెప్పదు. పది లక్షల ఆర్డర్లలో 99.9 శాతం వేగంగా వెళ్లినా వెయ్యి ఆర్డర్లు మిగులుతాయి. మార్కెట్ ఊగిపోతున్న క్షణంలో అందరూ ఒకేసారి రద్దులు పంపినప్పుడే ఆ వెయ్యీ వస్తాయి. అంటే ఇంజిన్‌తో ఎవరికీ పనిలేని టైమ్‌లో ఆలస్యం రాదు, అందరికీ పనిపడ్డ టైమ్‌లోనే వస్తుంది.

కొలిచే సాధనం కూడా పొరబడుతుంది. సెకనుకి 10,000 ఆర్డర్లు పంపే టెస్టులో ఇంజిన్ ఒక సెకను స్తంభించిందనుకుందాం. సాధనం ఒక ఆర్డర్ పంపి, జవాబు వచ్చాకే రెండోది పంపే రకం అయితే, ఆ సెకనంతా అది కూడా చేతులు కట్టుకుని నిలబడుతుంది. రిపోర్టులో ఆలస్యమైన ఆర్డర్ ఒక్కటే కనబడుతుంది. అసలు మార్కెట్‌లో బ్రోకర్లెవరూ అలా ఆగరు. ఆ సెకనులో 10,000 ఆర్డర్లు వచ్చి పడేవి, సగటున ఒక్కోటి అర సెకను ఎదురుచూసేది. అందుకే ఇంజిన్ జవాబిచ్చినా ఇవ్వకపోయినా గడియారం ప్రకారం ఆర్డర్లు పంపుతూ పోయే సాధనం కావాలి. ఆలస్యాన్ని పంపిన క్షణం నుంచి కాక, పంపాల్సిన క్షణం నుంచి లెక్కించాలి.

కోడ్ మార్చే రోజు

అన్ని టెస్టులూ పాసైన కోడ్ కూడా సర్వర్ల మీద పెట్టేటప్పుడు దెబ్బతినవచ్చు. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థలో అదే జరిగింది. అది మ్యాచింగ్ ఇంజిన్ కాదు, ఎక్స్ఛేంజ్‌లకి ఆర్డర్లు పంపే వ్యవస్థ. అయినా పాఠం ఒకటే. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ చేరింది. ఎనిమిదో దాంట్లో ఏళ్ల క్రితం వాడడం మానేసిన పాత కోడ్ అలాగే ఉంది. దాన్ని నడిపించే గుర్తునే కొత్త కోడ్‌లో వేరే పనికి వాడుకున్నారు. మార్కెట్ తెరవగానే ఆ ఒక్క సర్వర్‌లో పాత కోడ్ నిద్రలేచింది. 45 నిమిషాల్లో 154 షేర్లలో 40 లక్షలకు పైగా ట్రేడ్‌లు, 46 కోట్ల డాలర్ల పైచిలుకు నష్టం. 2015 జులై 8న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ మూడున్నర గంటలు ఆగిపోయినప్పుడు కూడా కారణం కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాక గేట్‌వేలకీ ట్రేడింగ్ యూనిట్‌కీ మధ్య మాట కలవకపోవడమే.

వాడని కోడ్ తీసేయడం, అన్ని యంత్రాల్లో ఒకే వెర్షన్ ఉందని తెరిచేముందు తనిఖీ చెయ్యడం, ఒక్క మీటతో ఆపేసే ఏర్పాటు పెట్టుకోవడం వింటే చాదస్తంలా ఉంటాయి. సెలవు రోజుల్లో ఎక్స్ఛేంజ్‌లు జరిపే మాక్ ట్రేడింగ్ ఉన్నదీ ఇందుకే.

రాత్రి లేని మార్కెట్

ఇంతకాలం ఇంజిన్లకి ఒక వరం ఉంది: రాత్రి. మార్కెట్ మూశాక మెమరీ ఖాళీ చేసుకోవచ్చు, రోజువారీ ఆర్డర్లు తుడిచెయ్యొచ్చు, కొత్త షేర్లు చేర్చవచ్చు, కోడ్ మార్చవచ్చు. క్రిప్టో మార్కెట్లకి మొదటినుంచీ రాత్రి లేదు. ఇప్పుడు స్టాక్ ఎక్స్ఛేంజ్‌లూ ఆ బాట పడుతున్నాయి. తన ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజ్ అయిన ఎన్‌వైఎస్ఈ ఆర్కాలో రోజుకి 22 గంటల ట్రేడింగ్ నడిపే ఆలోచనను న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2024 అక్టోబర్‌లో ప్రకటించింది. వారానికి అయిదు రోజులు 24 గంటల ట్రేడింగ్ తెస్తామని 2025 మార్చిలో నాస్‌డాక్ చెప్పింది.

ఆపకుండా కోడ్ మార్చాలంటే మళ్లీ ఆ వరుస దగ్గరికే రావాలి. కొత్త వెర్షన్‌ని పాతదాని పక్కనే ఉంచి, అవే మెసేజ్‌లు ఇచ్చి, రెండింటి జవాబులూ కొన్ని రోజులపాటు పోలుస్తారు. తేడాలు లేవని తేలాక సీక్వెన్సర్ ఒక మెసేజ్ పంపుతుంది: ఈ నంబర్ తరవాత జవాబిచ్చేది కొత్తది అని. జర్నల్‌లో ఆ లైను కొనుగోళ్లకీ రద్దులకీ మధ్య, వాటిలాగే ఒక నంబర్ వేసుకుని కూర్చుంటుంది.